గోదావరి నీళ్లు నూజివీడు మామిడికి ఏ నెలలో?

నూజివీడు మెట్ట రెండు పెద్ద నదుల నడుమ ఉంది. అయినా రెండింటి నీళ్లకూ ఇది చివరి ఊరే. కృష్ణా నీళ్లు రావాలంటే నాగార్జునసాగర్ ఎడమ కాలువ వెంట నల్లగొండ, ఖమ్మం సీమలన్నీ దాటాలి. గోదావరి నీళ్లు పోలవరం కుడి కాలువలో ఈ మెట్టకు దిగువ అంచున పారుతూ ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తున్నాయి. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం మండలాల మామిడి తోటలు మాత్రం నేటికీ వానను, బోరును నమ్ముకునే బతుకుతున్నాయి. నదీజలాల మళ్లింపు మీద మన దగ్గర ఎప్పుడు చర్చ జరిగినా ఎన్ని టీఎంసీలు అన్న దగ్గరే తిరుగుతుంది. ఆ లెక్కతో నూజివీడు సమస్య తేలదు. నీళ్లు ఏ నెలలో వస్తాయి, వచ్చినవి ఎక్కడ నిలుస్తాయి, నిలిచినవి చెట్టు మొదలు దాకా ఎలా చేరతాయి అన్నవి ముందు తేలాలి. మళ్లింపు పథకాన్ని నిల్వతోనూ నెలలతోనూ కొలవాలి. అలా కొలిస్తే పోలవరం, చింతలపూడి, బనకచర్ల పనుల్లో ఏది ముందు, ఏది వెనుక అన్న వరసే మారిపోతుంది. ఈ వ్యాసం వాదన అదే.

ముందు చెట్టు సంగతి చూద్దాం. బంగినపల్లి అయినా, చిన్న రసం, పెద్ద రసం అయినా మామిడికి ఏడాది పొడుగునా నీళ్లు అక్కర్లేదు. వానలు వెనకబట్టాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నేల ఆరాలి. ఆ బెట్టలోనే కొమ్మ చివర పూమొగ్గ కడుతుంది. అప్పుడు తడి పెట్టినా, అకాల వర్షం పడినా పూత రావలసిన చోట ఇగురు వేస్తుంది, ఆ ఏటి కాపు అక్కడే దెబ్బతింటుంది. పూత విచ్చి, పిందె పడి, బఠాణీ గింజంత అయిన దగ్గర నుంచి కథ తిరగబడుతుంది. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ దాకా పది పదిహేను రోజులకు ఒక తడి అందితే పిందె నిలుస్తుంది, కాయ బరువు తూగుతుంది. అందకపోతే ఎండకు, వడగాలికి పిందె రాలిపోతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే ఎర్ర నేలల్లోని బోర్లు వట్టిపోతాయి. కౌలుకు తోట పట్టినవాడు పూతకు కొట్టిన మందుల ఖర్చు, కాయలకు తొడిగిన కవర్ల ఖర్చు అప్పటికే పెట్టేసి ఉంటాడు. చివరి రెండు మూడు తడులు అందకపోతే అదంతా మునిగినట్టే. నూజివీడుకు కావలసిన నీరు పరిమాణంలో చిన్నది, పట్టింపు మాత్రం ఉన్నది: ఆ మూడు నెలల్లోనే రావాలి.

గోదావరి క్యాలెండరు దీనికి పూర్తిగా ఎదురు. నదికి నీళ్లు జూన్ చివర మొదలై అక్టోబరుకు తగ్గుతాయి. ఫిబ్రవరి నాటికి తూర్పు, పశ్చిమ డెల్టాల దాళ్వా వరికే నీళ్లు చాలక వంతుల వారీగా వదులుకునే ఏళ్లున్నాయి. ఆ కరువు నెలల్లో డెల్టాను ఆదుకునేది చాలాసార్లు సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి దిగివచ్చే నీరే. పోలవరం పూర్తయ్యేలోగా అక్కరకొస్తుందని 2015లో పట్టిసీమ ఎత్తిపోతల కట్టారు. దాని 24 పంపులూ ఆడితే 8,500 క్యూసెక్కులు కుడి కాలువలో పడతాయి. ఆ లెక్కన రోజుకు ముక్కాలు టీఎంసీ కూడా రాదు. అనుకున్న 80 టీఎంసీలు తోడాలంటే 109 రోజులు ఆపకుండా తోడాలి. అంటే వరదకాలం మొత్తం. కృష్ణా డెల్టాకు ఈ ఏర్పాటు చేసిన మేలు నిజమైనది. అక్కడ నారుమళ్లకు నీళ్లు కావలసింది జూన్, జూలై నెలల్లోనే. కృష్ణకు ఎగువన వరద రాకముందే గోదావరి నీళ్లు ప్రకాశం బ్యారేజీకి చేరితే శ్రీశైలంలో ఆ మేరకు నీళ్లు మిగిలి రాయలసీమకు అక్కరకొస్తాయి. వరికీ వరదకూ నెలలు కలిశాయి గనుకనే పట్టిసీమ ఫలించింది. మామిడికీ వరదకూ నెలలు కలవవు. వాటిని కలపగలిగేది నిల్వ ఒక్కటే.

అందుకే పోలవరం ఆనకట్ట అవసరమైంది. 1941లో మద్రాసు ప్రభుత్వ ఇంజినీరు ఎల్. వెంకటకృష్ణ అయ్యర్ రామపాదసాగర్ పేరుతో ఈ ఆలోచన చేశారు. పాపికొండల కనుమలోంచి గోదావరి మైదానంలోకి అడుగుపెట్టే చోట అడ్డుకట్ట వేసి, ఎడమ కాలువను విశాఖ వైపు, కుడి కాలువను కృష్ణ వైపు నడిపించడం ఇందులోని సారం. 1980 నాటి గోదావరి ట్రిబ్యునల్ తీర్పు పోలవరం నుంచి కృష్ణకు 80 టీఎంసీల మళ్లింపును గుర్తించింది. 2004 తర్వాత పనులు ఊపందుకున్నాయి, 2014 విభజన చట్టం దీన్ని జాతీయ ప్రాజెక్టు చేసింది. పూర్తి మట్టం 45.72 మీటర్ల దగ్గర 194.6 టీఎంసీల నీరు, రెండు కాలువల కింద 7.20 లక్షల ఎకరాలు, 960 మెగావాట్ల విద్యుత్తు, విశాఖకు 23.44 టీఎంసీలు: కాగితం మీది పోలవరం ఇది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 30,436 కోట్ల అంచనాతో ఆమోదించిన తొలిదశ మాత్రం 41.15 మీటర్ల దగ్గర ఆగుతుంది. డిజైన్ ప్రకారం రిజర్వాయరు కనీస వినియోగ మట్టం కూడా 41.15 మీటర్లే. వాడుకోగల 75 టీఎంసీలు ఆ మట్టానికీ పూర్తి మట్టానికీ మధ్యనే ఉన్నాయి. తొలిదశలో ఆగిన పోలవరం వరద రోజుల్లో కాలువలు నింపగలదు గానీ, వేసవికి దాచిపెట్టేది తక్కువ. రేపు పూర్తి ఎత్తున నిలిపినా ఆ 75 టీఎంసీల మీద డెల్టా దాళ్వాకు, విశాఖకు, కొత్త ఆయకట్టుకు ముందే హక్కులున్నాయి. మార్చి నెలలో నూజివీడు బోదెకు నీళ్లొదిలే స్తోమత ఒక్క పెద్ద డ్యాముకు ఉండదు.

కొండలు దాటించి నీళ్లు మళ్లించిన పథకాల చరిత్ర ఈ విషయంలో మనకు చాలా నేర్పుతుంది. 1895లో ఇంజినీరు పెన్నీక్విక్ పూర్తి చేసిన పెరియార్ ఆనకట్ట పడమటికి పారే నీటిని కనుమ కింద సొరంగంలోంచి తూర్పుకు తిప్పి మదురై సీమను పచ్చన చేసింది. తర్వాతి కాలంలో అదే నీరు దిగుతూ దిగుతూ విద్యుత్తూ ఇచ్చింది. మహారాష్ట్రలోని కోయనా పథకం దీనికి తలకిందులు. కృష్ణా పరివాహకంలోని నీటిని సహ్యాద్రి అంచు మీంచి కొంకణం వైపు దింపి కరెంటు తీశారు. కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఏడాదికి 67.5 టీఎంసీల దాకా పడమటికి వదలనిచ్చింది. మహారాష్ట్రకు విద్యుత్తు దక్కింది; ఆ నీళ్లు కృష్ణలోకి మళ్లీ రావు. ఆస్ట్రేలియాలో 1949 నుంచి 1974 దాకా కట్టిన స్నోయీ పర్వతాల పథకం సముద్రం వైపు పారే నదిని సొరంగాల గుండా లోపలి మైదానాలకు తిప్పి సేద్యాన్నీ విద్యుత్తునూ కలిపి ఇచ్చింది. కానీ జిండబైన్ ఆనకట్ట దిగువన స్నోయీ నదికి సహజ ప్రవాహంలో ఒక శాతమే మిగిలింది. దశాబ్దాల తర్వాత 21 శాతం దాకా తిరిగి వదలడానికి ప్రభుత్వాలు ఒప్పుకోవలసి వచ్చింది. ఈ మూడింటిలోనూ ఒక సామాన్య లక్షణం ఉంది: కొండకు అవతల నీరు కిందికి పడుతుంది. పడే నీరు కరెంటు ఇస్తుంది గనుక బహుళార్థసాధకం అన్న మాట అక్కడ చెల్లుతుంది.

మన సొంత ఉదాహరణ ఇంకా చక్కనిది. తూర్పు కనుమల్లో మాచ్‌ఖండ్ దగ్గర మొదలైన నీరు ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు కేంద్రాలలో మెట్టు మెట్టుకూ కరెంటు ఇస్తూ దిగి, శబరిలో కలిసి, గోదావరిలో పడి, డెల్టాలో దాళ్వా పండిస్తుంది. దిగువ సీలేరు ఒక్కటే 460 మెగావాట్లు. పైన జలాశయాల్లో నిలవ ఉంది గనుక ఆ నీరు ఎండాకాలంలో వస్తోంది. నూజివీడు మెట్టకు గోదావరి తేవాలంటే ఈ వరస తిరగబడుతుంది. పోలవరం కుడి కాలువ గట్టు వాలును పట్టుకుని నడిచేది కాబట్టి దాని కింది పొలాలకే గ్రావిటీతో నీరిస్తుంది. కాలువకు ఎగువనున్న చింతలపూడి, చాట్రాయి, విస్సన్నపేట, తిరువూరు మెట్టలకు నీళ్లు ఎక్కించాల్సిందే. 2008లో మొదలైన చింతలపూడి ఎత్తిపోతల ఉద్దేశం అదే. తర్వాత పరిధి పెంచి 53.5 టీఎంసీలతో 4.80 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నారు. సాగర్ ఎడమ కాలువ చివరి భూములను స్థిరీకరించడమూ అందులో భాగమే. భూసేకరణ చిక్కులతోనూ, పర్యావరణ అనుమతులు లేవన్న కారణంతో 2021లో జాతీయ హరిత ట్రిబ్యునల్ వేసిన జరిమానాతోనూ పని నత్తనడక నడిచింది.

ఎత్తిపోతల ఖర్చును నిజాయితీగా లెక్కవేసుకోవాలి. ఒక టీఎంసీ అంటే రెండు కోట్ల ఎనభై మూడు లక్షల ఘనపు మీటర్లు. దాన్ని ఒక్క మీటరు పైకి ఎత్తడానికి, పంపుల నష్టాలు కలుపుకుంటే, దాదాపు లక్ష యూనిట్ల కరెంటు పడుతుంది. వంద మీటర్లు ఎత్తితే కోటి యూనిట్లు. అదే టీఎంసీ పోలవరం జలవిద్యుత్ కేంద్రంలో పాతిక మీటర్ల ఎత్తు నుంచి పడితే సుమారు 17 లక్షల యూనిట్లు పుట్టిస్తుంది. కాలువలకు మళ్లిన నీరు ఆ టర్బైన్ల గుండా పోదు, మళ్లీ నదిలోకి వదిలినదే పోతుంది. కాబట్టి డ్యాములో వచ్చే కరెంటుతో ఎత్తిపోతలు నడిచిపోతాయన్నది ఒట్టిమాట. 53.5 టీఎంసీలను వంద మీటర్లు ఎత్తే పథకమైతే ఏటా 53 కోట్ల యూనిట్లు కావాలి. ఆ బిల్లు ఎవరు కడతారన్నది తేలకే రాష్ట్రంలో ఎన్నో ఎత్తిపోతల పథకాలు మోటార్లు ఉండీ మూలపడ్డాయి. ఎక్కించిన ప్రతి చుక్కకూ ఖర్చుంది కనుక, ఆ చుక్క ఎక్కడ ఎక్కువ విలువ తెస్తుందో అక్కడే వాడాలి.

మామిడి ఆ విలువ తెచ్చే పంట. పాత పద్ధతిలో పది మీటర్ల ఎడంతో వేసిన తోటలో ఎకరానికి 40 చెట్లుంటాయి. కాపుకొచ్చిన చెట్టుకు డ్రిప్పు ద్వారా రోజుకు 150 లీటర్ల చొప్పున మూడు నెలలు ఇస్తామనుకుందాం. ఎకరానికి 540 ఘనపు మీటర్లు అవుతుంది. ఈ లెక్కన ఒక టీఎంసీ 52 వేల ఎకరాల తోటను గట్టెక్కిస్తుంది. ఆవిరికి, ఇంకుడుకు పోయేది కలిపి అవసరాన్ని రెట్టింపు చేసుకున్నా లక్ష ఎకరాల మామిడికి నాలుగు టీఎంసీలు చాలు. చింతలపూడి పథకం కాగితాల్లో టీఎంసీకి వచ్చేది సుమారు 9 వేల ఎకరాలు. అది కాలువ తూముల కింద మడి తడిపే లెక్క. మెట్టకు డెల్టా కొలత తెచ్చిపెట్టడం దగ్గరే పొరపాటు మొదలైంది. ఈ ప్రాంతంలో జమీందారీ రోజుల నుంచీ ఉన్న చెరువులు ఎన్నో పూడి, వాగుతో సంబంధం తెగి పడివున్నాయి. వరద నెలల్లో ఎక్కించిన నీటితో వాటిని నింపితే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. చుట్టుపక్కల బోర్లలో నీటిమట్టం లేస్తుంది, ఫిబ్రవరి నాటికి చెరువులో మిగిలిన నీటిని పైపుల ద్వారా తోటలకు పంపవచ్చు. నీటిని ఆగస్టు నుంచి మార్చికి జరిపే పని పోలవరం జలాశయం చేయలేకపోతే, తోట పక్కనున్న చెరువు చేయగలదు.

చెరువులకు ఇంకో ప్రయోజనమూ ఉంది. కుడి కాలువ దారిలో తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు వంటి ఏరులన్నీ ఉత్తరపు మెట్ట నుంచి కొల్లేరు వైపు అడ్డంగా దిగుతాయి. 2015 సెప్టెంబరులో గోదావరి నీళ్లు తొలిసారి కృష్ణ వైపు కదిలిన రోజుల్లోనే పెదవేగి మండలం జానంపేట దగ్గర తమ్మిలేరు మీది కట్టడానికి గండి పడింది. 2024 సెప్టెంబరులో బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ వంటి పేటలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. పోలవరం కుడి కాలువ నీరు వెళ్లి పడేది కూడా ఆ మళ్లింపు కాలువలోనే. ఒకే కాలువ అటు వాగు వరదనూ ఇటు గోదావరి నీళ్లనూ మోయాల్సి వస్తే కుంభవృష్టి నాడు దానికి ఊపిరాడదు. మెట్టలో చెరువులు నిండు సామర్థ్యంతో ఉంటే ఆ వరదలో కొంత పైనే ఆగుతుంది. నిల్వ గురించి మాట్లాడటమంటే నూజివీడు తోట ఒక్కదాని గురించే కాదు, విజయవాడ భద్రత గురించి కూడా మాట్లాడటమే.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో మొదటిది అందరి నోటా వినిపించేది: గోదావరిలో ఏటా వేల టీఎంసీలు సముద్రం పాలవుతుంటే, నాలుగు టీఎంసీల చెరువుల లెక్కలు ఎందుకు? సముద్రానికి పోతున్న మాట నిజమే. అయితే అందులో అధికభాగం జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో కొద్ది వారాల్లో పోతుంది. 50 లక్షల క్యూసెక్కుల వరదకు 48 గేట్లతో స్పిల్‌వే కట్టిన నది అది. అలాంటి నదిలో పట్టిసీమ పంపులు తోడే 8,500 క్యూసెక్కులు ఏపాటి? వరద మిగులు ఎంతున్నా, మన చేతికొచ్చేది కాలువ మోసినంత, చెరువు పట్టినంతే. పైగా నదిలో సముద్రానికి చేరేదంతా వృథా కాదు. కోరింగ మడ అడవులకు, డెల్టా అంచుల్లోకి ఉప్పునీరు ఎగదన్నకుండా ఉండటానికి ఆ ప్రవాహం కావాలి.

రెండో అభ్యంతరం తోటల నుంచే వస్తుంది. మామిడికి గిట్టుబాటు లేక చెట్లు కొట్టేసి ఆయిల్‌పామ్, మొక్కజొన్న వేస్తున్న రైతులు ఎందరో ఉన్నారు. తామర పురుగు, తేనెమంచు పురుగు, బూడిద తెగులు పూతను తినేస్తుంటే, కాయలు పట్టుకుని నున్న మార్కెట్‌కు వెళితే ఒక్క రోజులో ధర పడిపోతుంటే, నీళ్లిచ్చినంత మాత్రాన మామిడి నిలుస్తుందా అని అడుగుతారు. నీళ్లొక్కటే చాలవు. ధర, గుజ్జు పరిశ్రమ, తెగుళ్ల మీద పరిశోధన కూడా కావాలి. నూజివీడులో మామిడి పరిశోధన స్థానం ఉన్నదే అందుకు. కానీ చెట్టు కొట్టే నిర్ణయం వెనుక నీళ్ల లెక్క ఉందన్నది మరవకూడదు. ఆయిల్‌పామ్ ఏడాది పొడుగునా నీరు తాగే పంట. మెట్టకు కాలువ వచ్చి, నీరు లెక్క లేకుండా వదిలితే తోటలు ఇంకా వేగంగా పోతాయి, పథకం ఇచ్చే నీరు కొత్త పంటలకే చాలదు. అదే నీటిని పైపుల్లో, కొలిచి, మూడు నెలల తడిగా ఇస్తే యాభై ఏళ్లు కాసే చెట్టు నిలుస్తుంది. రైతును ఫలానా పంటే వెయ్యమని కట్టడి చేయనక్కర్లేదు. ఏ నెలలో ఎంత నీరు ఖాయంగా వస్తుందో ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకుంటే లెక్క అతనే వేసుకుంటాడు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. నిల్వ కావాలంటున్నావు, నిల్వ అంటే ముంపు కదా అన్నది. పోలవరం పూర్తి మట్టంలో సుమారు లక్ష కుటుంబాలు ఊళ్లు వదలాలి. అందులో కోయలు, కొండరెడ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2014లో తెలంగాణ నుంచి మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది ఈ ముంపు కోసమే. కూనవరం, వరరామచంద్రపురం వైపు ఊళ్లు డ్యాము పూర్తికాకముందే వరద వస్తే మునుగుతున్నాయి, పరిహారం మాత్రం విడతలు విడతలుగా వస్తోంది. నూజివీడు పిందె నిలవడానికి పాపికొండల ఇల్లు మునగాలని ఎవరైనా అంటే అది ఒప్పుకోదగ్గ న్యాయం కాదు. నా వాదన ఆ దారిన పోదు. పోలవరం నీటిమట్టం మీటరు పెంచే ముందు ఆ మీటరు కింద మునిగే ప్రతి కుటుంబానికీ భూమి, ఇల్లు, పరిహారం చేతికందాలి. ఆ తర్వాతే గేటు దించాలి. మెట్టలో చిన్న నిల్వలు ఎంత పెరిగితే, పూర్తి ఎత్తుకు తొందరపడాలన్న ఒత్తిడి అంత తగ్గుతుంది. ఉన్న చెరువులో పూడిక తీస్తే కొత్తగా ఏ ఇల్లూ మునగదు.

ఇప్పుడు బనకచర్ల సంగతి. పోలవరం కుడి కాలువను వెడల్పు చేసి, 200 టీఎంసీలను కృష్ణ దాటించి, బొల్లాపల్లి దగ్గర జలాశయంలో నిలిపి, నల్లమల కింద సొరంగంలోంచి రాయలసీమకు పంపాలన్నది ఆ ప్రతిపాదన. అంచనా 80 వేల కోట్ల రూపాయల పైమాటే. 2025 జూన్‌లో కేంద్ర నిపుణుల కమిటీ దాన్ని వెనక్కి పంపి, ముందు అంతర్రాష్ట్ర జలవివాదాలు తేల్చుకోమంది. రాయలసీమ దాహం ఎవరూ కాదనలేనిది. అక్కడి కరువుకు పరిష్కారం రావాల్సిందే. అయితే పాత 80 టీఎంసీల మళ్లింపుకే గోదావరి ట్రిబ్యునల్ ఎగువవారికి వాటా పెట్టింది: సాగర్‌కు ఎగువన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 45, కర్ణాటక మహారాష్ట్రలకు 35. కొత్త 200 మీద ఇంకెన్ని వాటాలు అడుగుతారో ఊహించవచ్చు. నల్లమల కింద సొరంగం తవ్వడం ఎంత కష్టమో వెలిగొండ చెబుతోంది. 1996లో శంకుస్థాపన జరిగిన ఆ పథకంలో రెండు సొరంగాల తవ్వకం ముగిసేసరికి 2024 వచ్చింది. 2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయిన దుర్ఘటన మన కళ్ల ముందే ఉంది. కృష్ణా డెల్టాకు గోదావరి నీళ్లు ఇవ్వడం ద్వారా శ్రీశైలంలో మిగిలే నీటిని, వెలిగొండ, హంద్రీనీవా వంటి పథకాలు పూర్తిచేసి సీమకు ఖాయం చేయడం దగ్గరి దారి. అది మొదట చేసి, ఆ తర్వాత మిగిలిన అవసరం ఎంతో లెక్క తేల్చాలి.

కాబట్టి వరస ఇలా ఉండాలి. పోలవరం పూర్తయ్యేలోగా ఉన్న కాలాన్ని నిర్వాసితుల పునరావాసం ముగించడానికి వాడుకోవాలి. కుడి కాలువ మీది వాగుల కట్టడాలనూ, బుడమేరు మళ్లింపు కాలువనూ వరదకు తట్టుకునేలా సరిచేయాలి. చింతలపూడి పథకాన్ని తూముల కింద మడి తడిపే కాలువగా కాక, చెరువులు నింపే పైపులైన్లుగా మళ్లీ గీయాలి. మామిడి మండలాలకు ముందు నాలుగైదు టీఎంసీలు ఖాయం చేసి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అది ఏ చెరువు నుంచి ఏ ఊరికి వస్తుందో ప్రకటించాలి. ప్రతి ఎత్తిపోతలకూ కరెంటు బిల్లు ఎవరిదో పథకం మంజూరు రోజే రాసుకోవాలి. ఇంత పెద్ద నదిని కదిలించే శక్తి ఉన్న రాష్ట్రానికి ఇవి అసాధ్యమైన పనులు కావు. వేల కోట్ల పథకాల శంకుస్థాపనలో ఎన్ని టీఎంసీలో చెప్పే నాయకులను నూజివీడు రైతు అడగాల్సింది ఒక్కటే: మార్చి నెలలో మా తోటకు ఎన్ని తడులు? దానికి జవాబు చెప్పగలిగిన పథకానికే మన డబ్బు, మన నీళ్లు, ముంపు ఊళ్లవారి త్యాగం ఇవ్వడానికి న్యాయం ఉంటుంది.